పచ్చిరొట్ట యెరువును, ఆదిత్యాల పరీక్షయు

విత్తువాని ఉపమానమును మన పాఠశాలలో వినని బాలుడుగాని బాలికగాని యుండరు. అందు విత్తనము ఒక్కటియే. నేలలు మాత్రము వేరు. అయితే నేల మంచిదైనను, విత్తుటకు తగిన సమయము రాకమునుపే చల్లినచో విత్తనము చెడిపోవుట కలదు. పచ్చిరొట్ట పైర్లను దున్నిన పొలములయందు ఈ సంగతి మిక్కిలి ముఖ్యము గనుక, దానిని గూర్చి యిచ్చట వ్రాయదలచితిమి.

మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని వాయువే. మొక్క యెదుగుటకు నత్రజని కావలెను. అయినను వరి, జొన్న మొదలగు పైర్లు గాలిలోని నత్రజనిని తామై గ్రహింపజాలవు. చేద లేక నూతి యొడ్డున దాహముతో నిలిచిన బాటసారివలె నుండును. చిక్కుడు జాతి మొక్కలకు మాత్రము ఒక యుపాయము గలదు. విద్యార్థులారా! ఒక జనుము మొక్కను వేళ్లు తెగకుండ మట్టితో గూడ పెల్లగించి, నీటిలో మెల్లగా కడిగి చూడుడు. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు కనబడును. ఒక బుడిపెను గోటితో చీల్చినచో లోపల గులాబి వర్ణముండును. అది బుడిపె చక్కగా పనిచేయుచున్నదనుటకు గురుతు. దానిలో రైజోబియము అను సూక్ష్మజీవులు నివసించి, గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చునట్లు మార్చి యిచ్చును. మొక్క వానికి ప్రతిఫలముగా తన చక్కెరలో కొంత భాగము నిచ్చును.

ఈ రహస్యము ఒక్కనాట బయలుపడినది కాదు. 1838లో బూసింగో అను ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు, ఇసుకలో పెంచిన బఠాణీలయందు నత్రజని పెరుగుననియు, గోధుమయందు పెరుగదనియు చూపెను గాని కారణమును తేల్చలేకపోయెను. 1886లో జర్మను శాస్త్రజ్ఞులగు హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనువారు బుడిపెలలోని సూక్ష్మజీవులే దీనికి మూలమని వెల్లడించిరి. 1888లో హాలెండు దేశీయుడగు బైజరింక్ ఆ జీవులను వేరుచేసి పెంచెను.

మన రైతులు తొలకరిలో జీలుగను గాని జనుమును గాని చల్లి, ఆరు మొదలు ఎనిమిది వారములకు పూత పట్టు సమయమున కలియదున్ని వరి నాటుదురు. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరికోతకు ముందుగా పిల్లిపెసరను, మినుమును పైరులోనే చల్లుటయు కలదు. ఇట్టి పైర్లు నేలను కప్పియుండుటచేత వానదెబ్బకు మట్టి కొట్టుకొనిపోదు, కలుపు అణగును. అయితే కాయలు కోసికొని, కట్టెను పశువులకు వేసినచో నత్రజనిలో చాలభాగము పొలము విడిచిపోవునని మరువరాదు.

ఇంత మేలుచేయు పచ్చిరొట్టవలన నష్టమెట్లు కలుగును? దున్నిన వెంటనే రొట్ట కుళ్లుచుండగా కొన్ని ఆమ్లములు, అమ్మోనియా మొదలగునవి పుట్టి లేతవేళ్లను బాధించును. ఆ పచ్చిపదార్థముమీద నారుకుళ్లు కలిగించు శిలీంధ్రములు వృద్ధిపొందును. కాడ ముదిరియున్నయెడల, దానిని కుళ్లజేయు సూక్ష్మజీవులే నేలలోని నత్రజనిని కొంతకాలము వాడుకొనును. మరియు కొన్ని మొక్కలలో ఇతర మొక్కల యెదుగుదలను అణచు పదార్థములు స్వభావసిద్ధముగానే యున్నవి. శీతల దేశములలో నేలను కప్పుటకు వేయు హెయిరీ వెచ్ అను చిక్కుడు జాతి మొక్కలో సయనమైడు అను అట్టి పదార్థమున్నట్లు 2003లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి.

దమ్ముచేసిన మడిలో ఎదిగిన నారును నాటునప్పుడు భయము తక్కువ. మెట్టనేలలో చిన్న విత్తనములను నేరుగా చల్లునప్పుడే ప్రమాదము హెచ్చు. అచ్చట రెండు మూడు వారములు ఆగుట మంచిది. ఆగక విత్తి, మొలక చచ్చిన రైతు విత్తనపు సొమ్మును, వాన అదనును గూడ పోగొట్టుకొనును. అంతేగాక తొందరపాటు నిందింపక పచ్చిరొట్టనే నిందించి, ఆ మంచి యలవాటును మానివేయును. ఇది రెండవ నష్టము, మొదటిదానికంటె పెద్దది.

నేల సిద్ధమైనదా లేదా యని తెలిసికొనుటకు ఆదిత్యాలు అను చిన్నగింజలు సాయపడును. వీనిని చంద్రశూరమనియు, బజారులో హాలిం గింజలనియు అందురు. ఇవి ఆవాల కుటుంబమునకు చెందినవి. రెండు మూడు దినములలో మొలచును. చెడుగును త్వరగా తెలుపును. అందుచేతనే ఎరువు మాగినదా యని చూచుటకు శాస్త్రజ్ఞులు వీనిని వాడుచున్నారు. 1981లో జుక్కోని అను ఇటలీ శాస్త్రజ్ఞుడును, సహచరులును ప్రకటించిన పద్ధతిని అనుసరించి మనమును ఇట్లు చేయవచ్చును.

రొట్ట దున్నిన మడి మట్టి ఒక గ్లాసెడు తీసికొని, రెండు గ్లాసుల వాననీటితో కలిపి, గంటసేపు ఉంచి, పలుచని బట్టతో వడియగట్టవలెను. రెండు పళ్లెరములలో అద్దుడు కాగితము పరచి, ఒకదానిని ఈ తేటతోను, రెండవదానిని వట్టి వాననీటితోను తడిపి, ఒక్కొక్కదానిలో 20 గింజలు ఎడమెడముగా నుంచి, మూతవేసి నీడన పెట్టవలెను. మూడవనాడు మొలకలను లెక్కించి, వేళ్లను కొలువవలెను.

ఉదాహరణమునకు, వాననీటిలో 20 గింజలును మొలచి, వేరు సగటున 30 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందము. మట్టితేటలో 16 మొలచి, వేరు 15 మిల్లీమీటర్లే యున్నది. మొలక నూటికి 80. వేరు నూటికి 50. రెండును గుణించి నూటితో భాగించినచో 40 వచ్చును. 50కి తక్కువైనచో కీడు మిక్కుటమనియు, 80కి మించినచో భయము తీరినదనియు సాధారణముగా నెంచుదురు. వారమున కొకసారి పరీక్షించుచు, 80 దాటినపుడు విత్తవచ్చును. ఆదిత్యాలు దొరకనిచో ఆవాలతో ప్రయత్నింపవచ్చును. ఈ పరీక్ష నేలలోని కీడును తెలుపునే గాని సారమెంతయో తెలుపదు. మొక్కజొన్నవంటి పెద్దగింజలు ఆదిత్యాలకంటె కొంత ఓర్చుకొనగలవు.

దీనికి కావలసినవి రెండు పళ్లెరములు, ఒక కొలబద్ద, పిడికెడు గింజలు మాత్రమే. మన విద్యార్థులు దీనిని పాఠశాలలో నేర్చి, ఇంటికి పోయి తమ తండ్రుల పొలపు మట్టితో చేసి చూపుదురుగాక. ఇరువది గింజలను ముందుగా అడిగి విత్తువాడు బస్తాల విత్తనమును కాపాడుకొనును. నేలకు మేలుచేయుట ఎంత యవసరమో, ఆ మేలు పండువరకు ఓపికపట్టుటయు అంతే యవసరమని మా విన్నపము.