పచ్చి ఆకురసము - పంచాయతీ బాధ్యత

పంచాయతీ సమావేశములలో వీథిదీపములు, మురుగు కాలువలు, కుళాయిలు చర్చకు వచ్చును గాని ఆకురసము ప్రస్తావన వచ్చుట అరుదు. అయినను ఇల్లాలు ప్రొద్దుననే ఇంటిలో తయారుచేయు గ్లాసెడు రసమునకును, పంచాయతీ చేయు పనికిని దగ్గరి సంబంధము కలదు.

ఆకుకూరల విలువ

కొత్తిమీర, పుదీనా, తోటకూర, మునగాకు మొదలగు వానిలో కెరోటిన్, ఇనుము, ‘సి’ విటమిన్ లభించును. శరీరము కెరోటిన్‌ను ‘ఎ’ విటమిన్‌గా మార్చుకొనును. ‘ఎ’ విటమిన్ లోపించినచో పిల్లలకు రేచీకటి, ఇనుము చాలనిచో స్త్రీలకు రక్తహీనత కలుగును. పెద్దవారు దినమునకు 100 గ్రాముల ఆకుకూరలు భుజింపవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించుచున్నది.

వేడిచేత ‘సి’ విటమిన్ చాలవరకు నశించును. పచ్చి రసములో అది నిలిచియుండును. కాని కెరోటిన్ శరీరమునకు పట్టుటకు నూనె అవసరము. కావున రసము త్రాగితిమని ఆకుకూర పప్పును మానరాదు. రసము దానికి తోడు మాత్రమే.

తయారుచేయు విధము

ఇద్దరికి గుప్పెడు కొత్తిమీర, 10 లేక 12 పుదీనా ఆకులు, ఒక కీరదోసకాయ, చిన్న అల్లపు ముక్క చాలును. వేళ్లు, కుళ్లిన ఆకులు తీసివేసి, మట్టి పోవువరకు నాలుగైదు మారులు కడుగవలెను. చివర కాచి చల్లార్చిన నీటితో కడుగవలెను. చేతులు, కత్తి, రోలు లేక మిక్సీ గిన్నె కూడ శుభ్రముగా నుండవలెను. మెత్తగా నూరి, కాచి చల్లార్చిన నీరు ఒక గ్లాసు కలిపి, అర చెక్క నిమ్మరసము, చిటికెడు ఉప్పు చేర్చవలెను. నిమ్మరసము ఆకులలోని ఇనుము శరీరమునకు పట్టుటకు తోడ్పడును. పీచు మేలు చేయును గనుక వడకట్టకుండుట మంచిది. రసమును నిలువ యుంచక వెంటనే త్రాగవలెను.

కీరదోస ముక్కను ముందుగా రుచిచూడవలెను. చేదుగా నున్నచో పారవేయవలెను. చేదు సొరకాయ రసము ప్రాణాపాయము కలిగింపగలదు. దానిని త్రాగరాదని భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘము హెచ్చరించినది. మూత్రపిండ వ్యాధిగలవారు, రక్తము గడ్డకట్టకుండ మందులు వాడువారు వైద్యుని సలహా పొందవలెను.

పంచాయతీ కర్తవ్యము

కూర ఉడుకునప్పుడు క్రిములు నశించును. పచ్చి రసమునకు నిప్పు సోకదు. ఆకును కడిగిన నీరు చెడ్డదైనచో, ఆరోగ్యము కొరకు త్రాగిన రసమే అతిసారము, టైఫాయిడు తెచ్చిపెట్టును. కావున సభ్యులు మూడు విషయములు గమనింపవలెను.

మొదటిది: రక్షిత మంచినీటి ట్యాంకును క్రమముగా కడిగించి, నీటిలో క్లోరిన్ కలిపించవలెను. చివరి కుళాయి వద్ద సైతము లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను.

రెండవది: మురుగు కాలువలలో నుండి పోవు గొట్టములకు చిల్లులు పడినచో వెంటనే మరమ్మతు చేయించవలెను.

మూడవది: మురుగు నీటితో ఆకుకూరలు పెంచుటను, అట్టి నీటిలో కడిగి సంతకు తెచ్చుటను మాన్పించవలెను. ఇంటి వాడుక నీటిని అరటి, మునగ చెట్ల మొదళ్లకు పారించవచ్చును. పచ్చిగా తిను కొత్తిమీర మడికి పారించరాదు.

పెరటిలో రెండు మడులు వేసికొనుట ప్రతి కుటుంబము చేయగల పని. ఆ ఆకును కడుగుటకు మంచినీరు అందించుట పంచాయతీ చేయవలసిన పని. ఈ రెండును కలిసిననాడే గ్లాసులోని రసము ఆరోగ్యప్రదమగును.