గుట్టలు దిగి వచ్చు చిరుతపులి - బావికాడి పశువుల కొట్టము

దిల్‌సుఖ్‌నగరు నుండి కొత్తపేట మీదుగా ఎల్.బి. నగరు చేరి, అక్కడ నాగార్జునసాగరు రోడ్డు పట్టి పోయినచో ఇబ్రహీంపట్నము దాటిన పిదప ఇండ్లు పలుచబడి, బండరాళ్ళ గుట్టలును కంచెలును కనిపించును. ఆ దారినే ముందుకు పోయిన యాచారము వచ్చును. తూర్పునకు తిరిగిన రాచకొండ గుట్టలు వచ్చును. తెల్లవారుజామున పాలక్యానులతో కాలనీలకును, కూరగాయల మూటలతో సరూర్‌నగరు, వనస్థలిపురము రైతుబజారులకును వచ్చు రైతు సోదరులు పలువురు ఈ దారివారే. చిరుతపులి సంగతి మీకు క్రొత్త కాదు. కాని అది ఇప్పుడు ఇంత తరచుగా ఎందుకు కనబడుచున్నదో తెలిసికొన్నగాని, మీ దూడను ఎట్లు కాపాడుకొనవలెనో తెలియదు.

2019, 2020 సంవత్సరములలో యాచారము, కడ్తాలు మండలములలో చిరుత పలు లేగదూడలను చంపినది. 2020 మే నెలలో, కరోనా కట్టడి నాళ్ళలో, కాటేదాను వద్ద పట్టపగలు రోడ్డుమీద ఒక చిరుత కనిపించి తప్పించుకొని పోయినది. ఆ యేడు అక్టోబరులో రాజేంద్రనగరు ప్రాంతమున పశువులను చంపిన పిదప ఒక చిరుత బోనుకు చిక్కినది. 2024 మే మొదటివారమున శంషాబాదు విమానాశ్రయము ఆవరణలో ఒకదానిని, 2025 ఏప్రిలులో పటాన్‌చెరువు వద్దనున్న ఇక్రిశాటు క్షేత్రములో మరియొకదానిని, ఆ యేడే జూలైలో మంచిరేవులలో ఇంకొకదానిని పట్టిరి. బోనులు పడిన ఈ చోట్లన్నియు నగరమునకు దక్షిణపు, పడమటి దిక్కులవే. అంతమాత్రమున తూర్పు రైతులు ఇది మాకు పట్టని సంగతి యని ఊరకుండరాదు. దూడలు పోయిన యాచారము మీ సాగరు రోడ్డు మీదనే యున్నది.

చిరుతలు పెరిగినవా?

చాలమంది అట్లే అనుకొందురు. లెక్కలు వేరుగా చెప్పుచున్నవి. కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన అంచనా ప్రకారము తెలంగాణలో 2018లో 334 చిరుతలుండగా 2022లో 297 ఉన్నవి. దేశము మొత్తము మీద 12,852 నుండి 13,874కు పెరిగినను, మనవద్ద పెరుగలేదు. అయితే ఈ లెక్క ముఖ్యముగా అడవులలో కెమెరాలు పెట్టి తీసినది. మీ పొలము గట్టున తిరుగు చిరుత అందులో చేరదు. కాబట్టి అడవిలో ఎన్ని ఉన్నవి అను ప్రశ్న కంటె, అడవి బయట అది ఏమి తిని బ్రతుకుచున్నది అను ప్రశ్న రైతునకు ముఖ్యము.

మహారాష్ట్రలో అకోలె అను తాలూకా కలదు. చెరకు తోటలు, పల్లెలు, జనము గల ప్రాంతము. అక్కడ విద్యా ఆత్రేయ అను పరిశోధకురాలును ఆమె తోడివారును లెక్కించగా నూరు చదరపు కిలోమీటరులకు సుమారు 5 పెద్ద చిరుతలు తేలినవి. వాటి పెంటను పరీక్షించి చూడగా, తిన్న ఆహారపు బరువులో నూటికి 87 వంతులు మనుష్యులు పెంచు జంతువులదే. ఒక్క కుక్కల వంతే 39. మేకలు అక్కడ కుక్కలకంటె ఎన్నో రెట్లు ఎక్కువ. అయినను చిరుత తిన్న మేకలు తక్కువ. కారణమేమి? మేకకు పగలు కాపరి కలడు, రాత్రి దొడ్డి కలదు. కుక్కకు రెండును లేవు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకొన్నచో తక్కిన వ్యాసము చదువకపోయినను నష్టము లేదు.

మన వైపు పరిస్థితి చూడుడు. భూములు ప్లాటులగును, అమ్ముడుపోయిన చేను ఏండ్ల తరబడి పడావు పడును. పడావు భూమిలో రెండు వానలకే సర్కారు తుమ్మ అల్లుకొనును. అందులో అడవి పందులు, కుందేళ్ళు, నెమళ్ళు చేరును. వాటి వెనుక చిరుతకు దాగుచోటు దొరకును. ఇక ఆహారము. కోళ్ళ ఫారముల చచ్చిన కోళ్ళను, నగరపు మాంసపు దుకాణముల వ్యర్థమును రోడ్డు ప్రక్కన గోతులలో పారవేయుచున్నారు. దానికి కుక్కలు మూగును, కుక్కలకొరకు చిరుత వచ్చును. చచ్చిన కోడిని లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చు ఫారము యజమాని తన కోళ్ళకు రోగము రాకుండ చేసికొనుటయే గాక, పొరుగువాని దూడను కూడ కాపాడుచున్నాడు.

మరియొక కారణము. చిరుత పిల్లలు తల్లివద్ద ఏడాదిన్నర వరకుండి, పిదప తమ తావు తాము వెదకుకొనును. పెద్దవి ఆక్రమించుకొన్న గుట్టలలో వాటికి చోటు దొరకదు. అట్టివి, ముఖ్యముగా పోతులు, రాత్రులు ఎంతో దూరము నడచి దారి తప్పి నగరపు అంచులకు వచ్చును. అంతేకాక పూర్వము చిరుత కనబడిన ఊరివారికే తెలిసెడిది. ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను, ప్రతి గేటు మీద కెమెరా గలవు. ఎక్కడిదో పాత వీడియోను మన ఊరిదని పంపువారికి కొదువ లేదు. దాని వలన ఒక ఊరి జనమంతయు రాత్రి నిద్ర మానుట తప్ప లాభము లేదు.

పట్టి తీసికొని పోయిన చాలదా?

బోను పెట్టుడని కోరుట సహజము. మనుష్యులకు అపాయమున్న చోట అది తప్పదు కూడ. కాని జున్నరు ప్రాంతపు అనుభవము వినుడు. అక్కడ 2001 తరువాత చిరుతలను పెద్ద ఎత్తున పట్టి వేరు అడవులలో విడిచిరి. అంతకు ముందు మనుష్యులపై దాడులు ఏటికి సగటున 4 ఉండగా, పిదప 17 అయినవి. క్రొత్త చోట విడిచిన జంతువు బెదరి తిరుగును. ఖాళీయైన పాత చోటికి మరియొకటి వచ్చును. తిండి అట్లే యున్నంత కాలము బోను ఒక నెల ఊరట మాత్రమే.

కొట్టము సంగతి

మన రైతుల అలవాటు ఎరిగినదే. పశువుల కొట్టము ఊరిలో నుండదు, బావికాడ నుండును. నాలుగు కర్రలు, పైన రేకులు, మూడు ప్రక్కల ఖాళీ. రాత్రి పాలు పితికి రైతు ఇంటికి వచ్చును. దూడ అక్కడే కట్టుకొయ్యకు కట్టబడి యుండును. చిరుతకు ఇంతకంటె సులువైన ఆహారము ఏ అడవిలోను లేదు.

కొట్టమంతయు కట్టుటకు శక్తి లేనివారు దూడల వరకైనను ఒక మూల గదివలె మూయవలెను. గోడ ఎంత ఎత్తు లేపినను చాలదు. చిరుత గోడలెక్కును, చెట్లెక్కును. పైకప్పుకును గోడకును నడుమ నున్న సందును గట్టి ఇనుప జాలీతో మూయుడు. తలుపు క్రింద జానెడు సందు కూడ విడువవద్దు. గడియ బయట నుండి త్రోసిన తెరుచుకొనకుండ ఉండవలెను. కొట్టము చుట్టు ఇరువది గజముల వరకు తుమ్మ, పొదలు కొట్టివేయుడు. దీపము మంచిదే, కాని దీపమును నమ్మి తలుపు తెరచి ఉంచవద్దు. టపాకాయలు ఒకటి రెండు రాత్రులు పని చేయును, తరువాత అలవాటగును. అమెరికాలో చిరుత వంటి పర్వత సింహము బెడద గల రైతులకు అక్కడి వారు చెప్పునదియు ఇదే: రాత్రి మేకలను పైకప్పు గల దొడ్డిలో మూయుడని.

కుక్కను కాపలాకని బయట గొలుసుతో కట్టిన అదియే చిరుతకు ఎర యగును. గొర్రెల మందలతో పొలములలో విడిది చేయువారు నేలమీద పండుకొనక మంచము వేసికొనవలెను. ఒకరు మేలుకొని యుండవలెను. సందె వేళల పిల్లలను ఒంటరిగా పొలమునకు పంపవద్దు. వంగి, కూర్చుండి పని చేయు మనిషి చిరుతకు చిన్న జంతువువలె తోచును. కావున చీకటి వేళ పొదల ప్రక్క కూర్చుండవద్దు. ఎదురుపడిన పరుగెత్తక, నిలబడి, దానికి దారి విడిచి మెల్లగా వెనుకకు తగ్గుడు. గుంపుగా చుట్టుముట్టి రాళ్ళు రువ్వుట వలననే చాలమంది గాయపడుచున్నారు. అడవి పందులకని కరెంటు తీగ, ఉచ్చులు పెట్టుట, కళేబరములో విషము కలుపుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము. ఆ తీగ మీది పశువులను, పొరుగు రైతును కూడ చంపును.

ఆనవాలు పట్టుట

ఎల్.బి. నగరు వైపు కాలనీలవారు ఖాళీ ప్లాటులో మచ్చల జంతువును చూచి చిరుత యని భయపడుట కలదు. వనస్థలిపురములోని హరిణ వనస్థలి 1975లో కృష్ణజింకల కొరకు ఏర్పడినది. ఇట్టి వనముల అంచున అడవిపిల్లి, పునుగుపిల్లి కనబడుట వింత కాదు. తడి నేలమీద జాడ చూడుడు. కుక్క జాడలో, దుమ్ములగొండి జాడలో గోళ్ళ గుర్తులుండును. చిరుత గోళ్ళను లోనికి ముడుచుకొని నడచును గనుక ఆ గుర్తులు పడవు. జాడ గుండ్రముగా మూడంగుళముల వెడల్పుండును. అడవిపిల్లి జాడ అట్లే యున్నను అందులో సగమే.

పశువు చచ్చిన యెడల కళేబరమును కదల్చవద్దు, పూడ్చవద్దు. చిరుత మెడను పట్టును; గొంతు వద్ద కోరల గాట్లు స్పష్టముగా ఉండును. కుక్కలు వెనుక కాళ్ళను, తొడలను చించును. జాడల మీద తట్ట బోర్లించి, ఫొటోలు తీసి, ఆ పూటనే అటవీశాఖవారికి కబురంపుడు. పశువైద్యుని ధ్రువపత్రము, పంచనామా ఉన్నగాని పరిహారము రాదు. అధికారి వచ్చునంత వరకు కళేబరము వద్దకు కుక్కలు రాకుండ ముళ్ళకంప కప్పుడు. కుక్కలు చించిన పిదప అది చిరుత పని యని నిరూపించుట కష్టము.