ప్రత్యేక పిల్లల దగ్గర పనిచేయాలనుకునే మీకు

1. కోర్సు పేరు చూసి కాదు, రోజు ఎలా గడుస్తుందో చూసి చేరండి.

ఫిజియోథెరపిస్టు పని కంటికి కనిపిస్తుంది. గోడ పట్టుకుని నడిచే బిడ్డ ఒకనాడు గోడ వదిలేస్తే తల్లి చేతులెత్తి దండం పెడుతుంది. స్పీచ్ థెరపిస్టు మాట మీదే కాదు, మెతుకు సరిగ్గా మింగడం మీద కూడా పనిచేస్తారు. మా ప్రత్యేక ఉపాధ్యాయుల పని అంత తొందరగా కనిపించదు. చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్పాలంటే చివరి నుంచి మొదలుపెడతాం. గుండీని కాజాలోంచి సగం మేమే దాటించి, మిగతా సగం బిడ్డ చేత లాగిస్తాం. అది వచ్చాక మా సాయం ఇంకొంచెం తగ్గిస్తాం. ఒక్క గుండీకే నెలలు పట్టవచ్చు. ఆ నెలలు విసుగనిపించేవారు వేరే దారి చూసుకోవడంలో తప్పేమీ లేదు.

2. గుర్తింపు సంగతి అడగకుండా ఫీజు కట్టకండి.

ప్రత్యేక ఉపాధ్యాయులు, స్పీచ్ థెరపిస్టులు, కృత్రిమ అవయవాలు అమర్చేవారు 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం కిందికి వస్తారు. ఆ మండలి రిజిస్టరులో పేరు లేనిదే పని చేయకూడదు. ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపీలకు 2021లో వేరే చట్టం వచ్చింది. గుర్తింపు లేని చోట డిప్లొమా చేసిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు. తల్లి గాజులు కుదువపెట్టి కట్టిన ఫీజు అది. ప్రత్యేక పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పోస్టు పడితే దరఖాస్తుకే అర్హత లేకపోయింది.

3. కాగితాల పనిని చిన్నచూపు చూడకండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఉద్యోగ రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. ఆ ధ్రువపత్రం కోసం పరీక్ష చేసే సదరం శిబిరానికి ఏయే కాగితాలు తీసుకెళ్లాలో చెప్పే మనిషి ఉంటే, బిడ్డను చంకనేసుకుని వచ్చే తల్లికి ఎన్ని తిరుగుళ్లు తప్పుతాయో!

4. గంట చూసినవారికంటే రోజంతా చూసినవారికే ఎక్కువ తెలుసు.

థెరపిస్టు బిడ్డను కాసేపే చూస్తారు. అన్నం తినిపించేది, దొడ్డికి తీసుకెళ్లేది ఆయా. మా కేంద్రంలో ఒక బాబుకు పరధ్యానం ఎక్కువని మేమంతా రాసుకున్నాం. ఆయా ఒక్కతే ఒప్పుకోలేదు. "కాదు మేడమ్, ముద్ద నోట్లో ఉండగానే కళ్లు నిలిపేస్తాడు. పిలిచినా పలకడు. మళ్లీ ఏమీ ఎరగనట్టు నములుతాడు" అంది. డాక్టరు పరీక్షించి, అదీ మూర్ఛలో ఒక రకమేనని మందు రాశారు. అప్పటిదాకా ఆమెను మేం ఏ సమావేశానికీ పిలవలేదు. ఆ తర్వాత పిలిచాం, మాతోపాటు కుర్చీ వేశాం. జీతం మాత్రం ఆ గదిలో అందరికన్నా ఆమెకే తక్కువ. నేను రిటైరయ్యేదాకా అది మారలేదు.