అగ్నిపర్వతాల చలనము – ఉపగ్రహ పరిశీలన

అగ్నిపర్వతం ప్రేలడానికి ముందు తరచుగా ఉబ్బుతుంది. అడుగున శిలాద్రవం చేరినకొద్దీ పైనేల లేస్తుంది. ఒక్కొక్కప్పుడు కొండ పార్శ్వమే జారుతుంది. ఈ స్వల్ప చలనాన్ని ఆకాశం నుండి కొలిచేదెట్లా?

ఉపగ్రహం ఒకే స్థలంపైకి వేర్వేరు దినాలలో రాడార్ తరంగాలను పంపుతుంది. నడుమ నేల కదిలినచో, తిరిగివచ్చిన తరంగాల దశలో భేదం కనబడుతుంది. తరంగం పోయి రావలెను గనుక, 24 సెంటీమీటర్ల తరంగానికి నేల 12 సెంటీమీటర్లు సమీపిస్తే ఒక పూర్తి ఆవృత్తం మారుతుంది. మేఘాలుగాని, చీకటిగాని దీనికి అడ్డు కావు.

2018 డిసెంబరు 22న ఇండోనేషియాలో అనక్ క్రకటోవా పార్శ్వం సముద్రంలో కూలి, సునామీ లేచి, నాలుగువందలమందికి పైగా మరణించారు. ఆ పార్శ్వం నెలల ముందునుండే జారుతున్నదని ఉపగ్రహ చిత్రాలను బట్టి తేలినది. అయితే తేలినది ఆ తరువాతనే. శాస్త్రం ఉండీ హెచ్చరిక అందలేదన్నమాట!

2025 జూలై 30న మన శ్రీహరికోట నుండి వెళ్ళిన నిసార్ ఉపగ్రహం 12 దినాలకొకమారు అదే మార్గానికి తిరిగివస్తుంది. అలంపురం దరిదాపుల అగ్నిపర్వతాలు లేవు, నిజమే. కాని అండమానులోని బారెన్ ద్వీపం సజీవమైనది. అక్కడికి సుమారు 135 కిలోమీటర్ల దూరాన, 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, తెలుగువారనేకులు నివసిస్తున్నారు.