కర్మఫలమును కూలియును

కర్మఫలమునందు ఆసక్తి విడువవలెనని భగవద్గీత బోధించుచున్నది. ఈ బోధను పని చేయించువాడు పనివానికి వినిపించునపుడు దాని అర్థము తలక్రిందగును.

బస్తరు సీమలోని బీజాపూరు, సుక్మా జిల్లాల నుండి ఏటేట మిరపకాయలు ఏరుటకై ఆదివాసి కుటుంబములు అడవులు దాటి తెలంగాణమునకు వచ్చుచుండును. ములుగు, భద్రాద్రి కొత్తగూడెము, ఖమ్మము జిల్లాల చేలలో స్త్రీలు ప్రొద్దుటినుండి నడుము వంచి కాయలు ఏరుదురు. ఆ ఘాటునకు చేతులు మండును. ఆ చేతులతోనే బిడ్డకు అన్నము కలిపి పెట్టవలెను! వెంట వచ్చిన పిల్లలకు అన్నినాళ్లును బడి లేదు. జబ్బుపడిన దినమున కూలి లేదు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను అమలునకు వచ్చెను. పనులు నిలిచెను, బండ్లును నిలిచెను. ఏప్రిలు నడుమ ములుగు ప్రాంతము నుండి ఒక కూలిజట్టు అడవిదారిని బీజాపూరు జిల్లాకు కాలినడకన బయలుదేరెను. అందొక 12 ఏండ్ల బాలిక కలదు. సుమారు 150 కిలోమీటర్ల దారి. మూడు దినములు నడచి, ఇల్లు చేరువలో నుండగా, 18వ తేదీన ఆమె కన్నుమూసెను. 14 ఏండ్లలోపు పిల్లలను కూలిపనికి పెట్టరాదని చట్టము 2016లోనే సవరింపబడియుండెను.

ఆ బాలికకు నిష్కామకర్మను బోధింపగలవారెవరు? కూలి ఫలాసక్తి కాదు, పని చేయించినవాని ఋణము. రైతు సైతము తరచుగ అప్పులలో నున్నవాడే. కావున ఆసక్తి విడువవలసిన వారిలో వర్తకుడును, చవుకగా కారము కోరు గృహస్థుడును కలరు. అనుకొన్న కూలిని అనుకొన్న దినమున నిచ్చుట, పిల్లలను చేనిలోనికి దింపకుండుట, కోత ముగిసిననాడు ఇంటికి బండి కుదుర్చుట, ఇవి వారి సాధనలు.