ఆపత్కాలపు సద్దిమూట

పొలమునకు పోవువాడైనను, సంతకు పోవువాడైనను, ఓడయెక్కి రంగము పోవువాడైనను, తెలుగువాడు గడప దాటుటకు ముందు సద్దిమూట కట్టుకొనుట పూర్వాచారము. నేడు యాంగోన్ నగరమున నివసించు తెలుగు కుటుంబములలో ఆ మాట పెద్దల నోట మిగిలినదే గాని మూట మాత్రము కనుమరుగైనది. వీధి మలుపులోనే తినుబండారములు దొరకుచుండగా మూట యెందులకని పిల్లలు అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానముగా, ఆపత్కాలమునకై ప్రతి గృహమున సిద్ధముగా నుండవలసిన మూటను గూర్చియు, దానిని ఏడాది పొడుగునను చెడకుండ కాపాడు విధమును గూర్చియు ఇందు వివరింపబడుచున్నది.

బర్మాలో తెలుగువారికి కోరంగీలను పేరు వచ్చుటకు కారణము గోదావరి ముఖమున, కాకినాడ చెంతనున్న కోరంగి రేవు. ఆ రేవు 1789 డిసెంబరులోను, మరల 1839 నవంబరులోను ఉప్పెన పాలైనది. కలకత్తాలో నుండిన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు సముద్రపు గాలివానల తీరును పరిశీలించి వాటికి 'సైక్లోన్' అను పేరు పెట్టెను. 1789 నాటి కోరంగి ఉప్పెనను వర్ణించినవారిలో అతడొకడు. ఈ సమాజమునకు పేరునిచ్చిన ఊరే తుపాను చేత దెబ్బతిన్న ఊరు. కావున మూట కట్టుట అనునది పరుల యొద్ద నేర్వవలసిన విద్య కాదు, మరచిన విద్య.

యాంగోన్ నగరమునకు వచ్చిన ఆపదలును తక్కువ కాదు. 1930 మే 5వ తేదీ రాత్రి సంభవించిన భూకంపమున పెగూ పట్టణము నాశనమై సుమారు 500 మంది మరణించిరి. ష్వేమాడో పగోడా కూలినది. రంగూన్‌లోను సుమారు 50 మంది మరణించిరి. ఆ నెల ముగియక మునుపే రేవు పని విషయమై చెలరేగిన కలహములలో తెలుగు కూలీలు తమ బసలు విడిచి పరుగెత్తవలసి వచ్చినది. 1941 డిసెంబరు 23న జపానువారి విమానములు రంగూన్‌పై బాంబులు వేసిన పిదప లక్షల సంఖ్యలో భారతీయులు నగరమును విడిచిరి. ఓడలలో చోటు దొరకనివారు టౌంగప్ కనుమ మీదుగా అక్యాబ్ వైపునకును, తము మీదుగా ఇంఫాల్ వైపునకును నడచిరి. ఆకలి వలనను, కలరా, మలేరియాల వలనను దారిలో మరణించినవారు వేలకొలది. ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకొని బయలుదేరినవారు కొంత దూరము పోవునప్పటికి వాటిని దారి ప్రక్కనే దింపి పోవలసి వచ్చినది. మోయలేని వస్తువు ఆపదలో ఆస్తి కాదు, అడ్డు.

వయసు వచ్చినవారందరి జ్ఞాపకమునను ఇంకను మెదలుచుండునది నర్గిస్ తుపాను. అది 2008 మే 2వ తేదీ, శుక్రవారము నాడు ఐరావతి డెల్టాను తాకి, ఆ రాత్రి నుండి శనివారము ఉదయము వరకు యాంగోన్‌ను చీల్చి చెండాడెను. లబుట్టా, బోగలే ప్రాంతములలో ఉప్పెన ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టినది. మరణించినవారును జాడ తెలియనివారును కలిసి లెక్క 1,38,000 దాటినది. యాంగోన్‌లో ప్రాణనష్టము తక్కువయే, కాని తెల్లవారునప్పటికి తరతరముల వృక్షములు వీధులకు అడ్డముగా పడియుండెను, ఇంటి కప్పులు ఎగిరిపోయినవి, విద్యుత్తు నిలిచిపోయినది. విద్యుత్తు లేనందున మోటార్లు తిరుగలేదు. మోటార్లు తిరుగనందున గొట్టములలో నీరు రాలేదు. కొన్ని పేటలలో ఈ స్థితి వారములకొలది సాగినది. కొవ్వొత్తి, త్రాగునీరు, కప్పు రేకు, వీటి ధరలు ఆకాశమునంటెను. ధనము ఉన్నవానికిని ఆ మొదటి మూడు దినములు ధనము పెద్దగా ఉపకరింపలేదు. ఇక 2025 మార్చి 28 నాటి 7.7 పరిమాణపు భూకంపమున మాండలే, సగాయింగ్ ప్రాంతములలో వేలమంది మరణించిరి. ఆ భూకంపమునకు మూలమైన సగాయింగ్ పగులు దక్షిణమున పెగూ దాటి సముద్రము వరకు సాగుచున్నది. అది యాంగోన్‌కు దూరము కాదు.

ఈ ఆపదలను పరిశీలించినచో మూట ఒకటి చాలదని తెలియును. తుపానులో ఇల్లు నిలిచియుండును, కాని నీరు, వెలుగు, వంట ఉండవు. అగ్నిప్రమాదములో, భూకంపములో ఇంటినే విడువవలెను. కావున ఇంట నిలువ యుండునది ఒకటి, చేత పట్టుకొని పోవునది ఒకటి, రెండు ఏర్పాట్లు అవసరము. రెండింటిని కలిపి ఒకే పెద్ద పెట్టెలో పెట్టుట సాధారణముగా జరుగు పొరపాటు.

ఇంట నిలువ యుండవలసిన వాటిలో మొదటిది నీరు. త్రాగుటకును వంటకును మనిషికి దినమునకు 4 లీటర్లు లెక్క వేసినచో, ఐదుగురున్న ఇంటికి మూడు దినములకు 60 లీటర్లు కావలెను. యాంగోన్‌లో ఇంటింటికి వచ్చు 20 లీటర్ల సీసాలు మూడు, ఎప్పుడును మూత తీయనివి, ఉండిన చాలును. క్రొత్త సీసా వచ్చినప్పుడు పాతదానిని వాడుకకు తీసి క్రొత్తదానిని దాని చోట నుంచుచుండిన నీరు నిలువ వాసన పట్టదు. మూడు దినములు దాటినచో వాననీరే గతి. రెండు మీటర్లు వెడల్పు, మూడు మీటర్లు పొడవు గల శుభ్రమైన పట్టాను నాలుగు మూలల కట్టి మధ్యను వంపు చేసినచో, 10 మిల్లీమీటర్ల వానకు ఇంచుమించు 60 లీటర్ల నీరు చేరును. మే నుండి అక్టోబరు వరకు ఈ నగరమున అది పెద్ద వాన కాదు. మొదటి జల్లుతో పట్టాపై దుమ్ము కడిగి పారవేయవలెను. అట్లు పట్టిన నీటిని తెర్లు వచ్చువరకు కాచుట శ్రేష్ఠము. పొయ్యి లేనప్పుడు, సువాసన కలుపని మామూలు బ్లీచింగు ద్రావకము, 5 శాతము బలము గలది, లీటరుకు రెండు చుక్కలు వేసి అరగంట ఆగి త్రాగవచ్చును. నీరు మడ్డిగా నున్న యెడల ముందుగా గుడ్డతో వడకట్టవలెను.

ఆహార విషయమున తెలుగువారి వంటిల్లు పెద్ద అంగడుల డబ్బాలకన్న మేలైనది. బియ్యము ఉండిన చాలునని కొందరు నమ్ముదురు, కాని బియ్యమునకు నిప్పును నీరును రెండును కావలెను. ఆపదలో కరవగునవి ఆ రెండే. అటుకులకు నిప్పు అక్కరలేదు; దోసెడు నీరు చల్లి బెల్లము కలిపిన పసివాడు మొదలు ముసలివాని వరకు తినవచ్చును. వేయించిన శనగలు, వేరుశనగలు, బెల్లము, ఎండు ఖర్జూరము చేరినచో బలమునకు లోటుండదు. బర్మా ఇండ్లలో లఫెట్‌తో తిను వేయించిన పప్పులు కూడ మంచివే గాని నూనె యున్నందున త్వరగా కారు వాసన పట్టును. ఊరగాయ లేనిదే ముద్ద దిగనివారు చిన్న సీసా ఉంచుకొనవచ్చును. ఎక్కువ తిన్నచో దాహము పెరిగి ఉన్న నీరు తరుగును. మరమరాలు మాత్రము ఇచట పనికిరావు. వానాకాలపు చెమ్మకు రెండు దినములలో మెత్తబడును. అటుకులనైనను గాలి చొరని మూత గల డబ్బాలో నుంచవలెను.

దీపమునకు కొవ్వొత్తికన్న టార్చిలైటు మేలు. చెక్క ఇండ్లు, తడిక ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొనియున్న పేటలలో తుపాను రాత్రి పడిపోయిన కొవ్వొత్తి రెండవ ఆపదను తెచ్చును. టార్చికి మరియొక ఉపయోగము కలదు: వరద వచ్చినప్పుడు పాములు మెట్ట వెదకుచు ఇండ్లలో చేరును. ఈ దేశమున రక్తపింజర కాటునకు గురియగువారు అధికము. వెలుగు లేనిదే నేల మీద కాలు పెట్టరాదు. టార్చి, చిన్న రేడియో, సెల్‌ఫోనునకు విద్యుత్తునిచ్చు నిలువ బ్యాటరీ, ఈ మూడును ఒకే చోట నుండవలెను.

ఇక చేత పట్టుకొనవలసిన మూట. ఇది భుజమునకు తగిలించుకొని రెండు చేతులును ఖాళీగా ఉంచుకొనుటకు వీలగు సంచి కావలెను. యాంగోన్ నడిబొడ్డున ఆరేడు అంతస్తుల మేడలకు ఇరుకైన నిట్టనిలువు మెట్లు. చీకటిలో దిగునప్పుడు ఒక చేయి గోడను, ఒక చేయి బిడ్డను పట్టుకొనవలెను. దొంగల భయముచే ఆ మేడల వాకిళ్లకు ఇనుప జాలీ తలుపులు, వాటికి తాళములు, వసారాలకు ఇనుప కటకటాలు ఉండును. మంటలు వచ్చినప్పుడు ఇదే బోను. తాళపు చెవి రాత్రి వేళ తలుపు చెంత ఒకే మేకునకు, ఇంటిలోని పిల్లలకు కూడ అందు ఎత్తున, వ్రేలాడవలెను. దిండు క్రింద కాదు. అగ్నిమాపక దళమునకు 191, అంబులెన్సునకు 192 అను సంఖ్యలను ఆ మేకు ప్రక్కనే గోడ మీద వ్రాసి యుంచుట మంచిది. పై అంతస్తులవారు వార్తాపత్రికను, కూరగాయలను పైకి లాగుటకు వీధిలోనికి వ్రేలాడదీయు త్రాడు ఈ నగరపు వింత. నర్గిస్ వంటి తుపాను తరువాత మెట్లెక్కలేని వృద్ధులకు నీటి సీసా అందించుటకు ఆ త్రాడే చాలును, అది గట్టిదైనచో.

ఈ సంచిలో ఒక జత బట్టలు, దోమతెర, సబ్బు, గుడ్డలు, స్త్రీలకు కావలసినవి, మూయుటకు వీలగు కత్తి, ఈల, అగ్గిపెట్టె, అటుకులు, ఒక సీసా నీరు ఉండవలెను. రక్తపోటు, మధుమేహము గలవారికి రెండు వారముల మందులును, వైద్యుడు వ్రాసిన చీటీయు తప్పనిసరి. విరేచనములు పట్టినవారికి లీటరు కాచిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టి కొలిచినవి, కలిపి ఇచ్చుట ప్రతి ఇల్లాలును కంఠస్థము చేయదగినది. ఉప్పు ఎక్కువైన కీడు గనుక ఉజ్జాయింపు పనికిరాదు.

డబ్బును గూర్చి ఈ దేశపు అనుభవమే గురువు. 1964లోను, 1985లోను, 1987లోను ప్రభుత్వములు పెద్ద నోట్లను చెల్లవని ప్రకటించినప్పుడు పెట్టె అడుగున దాచిన కష్టార్జితము కాగితమైనది. 2021లో బ్యాంకుల ఎదుట జనులు వరుసలలో పడిగాపులు పడిరి. కావున సంచిలో వారము దినముల వెచ్చమునకు సరిపడు చిన్న నోట్లు మాత్రము ఉంచవలెను. అంతకు మించిన ధనమునకు, ఇంటి బంగారమునకు ఈ సంచి తగిన చోటు కాదు. ఆపదలో సంచులు మారిపోవుట, పోవుట సహజము.

అన్నిటికన్న ముఖ్యమైనవి పత్రములు. అటుకులు పోయిన మరల కొనవచ్చును, తాతగారి రిజిస్ట్రేషను కార్డు పోయిన ఏ అంగడిలోను దొరకదు. 1982 పౌరసత్వ చట్టము ప్రకారము, 1948 జనవరి 4కు పూర్వమే ఈ దేశమున ప్రవేశించి నివసించినవారును, ఇచట పుట్టిన వారి సంతానమును పౌరసత్వము కోరునప్పుడు అందులకు తిరుగులేని నిదర్శనములు చూపవలెను. ఒక ముసలి కాగితము మీద మూడు తరముల భవిష్యత్తు ఆధారపడియుండవచ్చునని దీని అర్థము. తాతముత్తాతల కార్డులు, విదేశీయుల నమోదు పత్రములు, ఇంటివారి జాబితా, జనన వివాహ పత్రములు, బడి పత్రములు, ఇంటి దస్తావేజులు ఒకే జలనిరోధకపు సంచిలో, దానిని మరియొక సంచిలో నుంచి మూతి బిగింపవలెను. పాత కాగితములను వేడి యంత్రముతో ప్లాస్టిక్ పొరలో అతికించుట ప్రమాదము. సిరా చెరగును, మరల విప్పుటకు వీలుండదు. వానాకాలమున బూజు పట్టకుండుటకు పలుచని గుడ్డలో కట్టిన వేయించిన బియ్యము, పురుగులకు ఎండు వేపాకు చాలును. ప్రతులను తీయించి వేరు పేటలోనున్న బంధువుల ఇంట నొకటి ఉంచవలెను. ఫోనులో తీసిన బొమ్మలును ఉపయోగకరములే, అయితే కచేరీలో అసలు పత్రమునే అడుగుదురు.

ఈ పత్రములతో కూడ ఒక కాగితము ఇంటివారే వ్రాసి యుంచవలెను. ఇచటి తెలుగువారికి కార్డు మీద బర్మా పేరు, ఇంటిలో తెలుగు పేరు, రెండును ఉండుట సాధారణము. ఒకరిని వెదకునప్పుడు ఆస్పత్రి జాబితాలో ఒక పేరు, బంధువుల నోట మరియొక పేరు! ప్రతివారి రెండు పేర్లను, తల్లిదండ్రుల పేర్లను, ఇంటిపేరును, శ్రీకాకుళము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాలలో పూర్వుల ఊరు తెలిసినచో దానిని, రక్తపు గ్రూపును, తెలుగు లిపిలోను బర్మా లిపిలోను వ్రాయవలెను. ఊరి పేరు తాతకు మాత్రమే తెలిసి, తాతతోనే పోయిన కుటుంబములు కలవు. పసిపిల్లల జేబులో ఇట్టి చిన్న చీటీని ఉంచి కుట్టవచ్చును.

మూట కట్టుట ఒక దినపు పని. కాపాడుట ఏడాది పని. బంగాళాఖాతపు తుపానులు ఏప్రిల్, మే నెలలలో ఒకసారి, అక్టోబరు, నవంబరులలో ఒకసారి విజృంభించును. తెలుగువారి పండుగలు ఈ రెండు కాలములకును ముందే వచ్చుట ఎంతయు అనుకూలము. ఉగాది నాడు, లేదా తింజాన్ సెలవులలో, ఒకసారి సంచి విప్పి చూడవలెను. దసరాకు, బర్మావారి తడింజుట్ దీపముల వేళకు, మరియొకసారి. ఆయుధపూజ నాడు పనిముట్లు తుడుచు ఇంట టార్చిని తుడుచుట కొత్త గాదు. పాత అటుకులను పండుగ నాడే తినివేసి కొత్తవి నింపవలెను. మందుల గడువు చూడవలెను. బ్యాటరీలను టార్చిలో వేసి యుంచినచో కారి చెడగొట్టును గనుక ప్రక్కనే చిన్న సంచిలో నుంచవలెను. పత్రములను నీడలో గాలికి ఆరవేయవలెను. ఆ పూట ఇంటిలోని దీపములన్నియు ఆర్పి, పిల్లలచే చీకటిలో తాళపు చెవి తీయించి, మెట్లు దింపించి చూచిన వారికి ఆటయగును, పెద్దలకు లోపములు తెలియును. సంచిలో పెట్టిన పిల్లల చెప్పులు ఆరు నెలలకే ఇరుకగును. దసరాకు వాటిని తీసి తమ్మునికో చెల్లెలికో ఇచ్చి, పెరిగిన పాదమునకు సరిపడు జత పెట్టవలెను.