ఊరి పొలిమేరలో భూమి

ఒక గ్రామాన్ని గురించి తెలుసుకోగోరేవారు అక్కడి గుడిని, బడిని చూడడంతో పాటు ఆ గ్రామపు అడంగల్‌ను కూడా చదవాలి. తెలంగాణ ప్రాంతంలో దీనిని పహాణీ అన్నారు. ఏ సర్వే నంబరులో ఎంత విస్తీర్ణం ఉంది, అది ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పైరు వేశారు, నీటి ఆధారం ఏమిటి అనే వివరాలను అందులో నమోదు చేస్తారు. చూపుకు అది వట్టి అంకెల పట్టిక. కాని ఒక కుటుంబం ఊరిలో నిలవడమో, మూటాముల్లె కట్టుకొని వలస పోవడమో ఆ పట్టికలోని ఒక గడిలో ఎవరి పేరు ఉన్నదనే దానిపై ఆధారపడిన సందర్భాలు మన పల్లెల్లో కోకొల్లలు.

భూమి హద్దులను రాసి ఉంచడం తెలుగువారికి కొత్త కాదు. మన దానశాసనాలు దాత వంశాన్ని, పరాక్రమాన్ని ఎంతగా వర్ణించినా, అసలు విషయానికి వచ్చేసరికి పుట్ట, వాగు, చింతచెట్టు, గుండు వంటి గుర్తులతో పొలం ఎల్లలను చెబుతాయి. పండితులు సాధారణంగా మొదటి భాగాన్ని మెచ్చుకొని రెండవ భాగాన్ని దాటివేస్తారు. ఆనాటి రైతుకు మాత్రం రెండవ భాగమే ప్రాణం. శాసనం చివర భూమిని అపహరించేవారిని ఉద్దేశించి శాపశ్లోకాలు చెక్కించేవారు. శాపం అవసరమయిందంటే అపహరణ కూడా ఉండేదనే కదా అర్థం! చెరువును తవ్వించి కాపాడేవారికి దాని కింద సాగయ్యే భూమిలో కొంత భాగాన్ని దశబంధ మాన్యంగా ఇచ్చేవారు. భూమిపై హక్కు, నీటిని కాపాడవలసిన బాధ్యత ఒకే పత్రంలో ఉండడం ఆ ఏర్పాటులోని విశేషం.

చెరువు ఆధారంగా వెలసిన పాత గ్రామాలను పరిశీలిస్తే, ఏ నేలను దేనికి వాడుకోవాలో పెద్దలు ఎంత ఆలోచించి నిర్ణయించారో తెలుస్తుంది. ఇండ్లకు గ్రామకంఠం. చెరువు కట్టకు దిగువన మాగాణి. నీరు ఎక్కని చోట మెట్ట. అంచున బంజరు, గుట్ట. చెరువులో నీరు నిలిచే నేల శిఖం. వేసవిలో నీరు తగ్గితే అక్కడ పచ్చిక మొలుస్తుంది. ఇవి గాక పశువులు నిలిచే మందబయలు, పంట నూర్చుకొనే కల్లాలు, బండ్ల బాటలు, శ్మశానం ఉండేవి. కాగితంపై గీసిన ప్రణాళిక లేకపోయినా ఇది ప్రణాళికే. అయితే అందులో దళితవాడను ఊరికి ఎడంగా నెట్టిన అన్యాయం కూడా ఉందని మరువరాదు.

శిస్తు విధించని ఇటువంటి ఉమ్మడి భూముల్లో అనేకం రెవెన్యూ లెక్కల్లో ‘పోరంబోకు’ అనే పేరుతో కనిపిస్తాయి. ఇది తమిళం నుంచి వచ్చిన మాట. లెక్కకు వెలుపలిది అని దాని భావం. శిస్తు రాదు కనుక సర్కారు దృష్టిలో అది లెక్కలోకి రాని నేల. క్రమంగా ఆ మాట పనికిమాలిన మనిషిని తిట్టే తిట్టుగా మారింది. సెంటు భూమి లేని కుటుంబానికి మాత్రం అదే కామధేనువు. రెండు మేకలు మేసేది అక్కడ. వంటచెరకు, చీపురు గడ్డి, సీతాఫలాలు, విస్తళ్లకు మోదుగాకు దొరికేది అక్కడ. గొల్ల కురుమల గొర్రెల మందకు, కుమ్మరి సారెకు కావలసిన మట్టికి, చాకిరేవుకు అదే ఆధారం. అది ఎవరి పేరునా పట్టా లేదు. అందరిదీ కనుకనే ఎవరో ఒకరు కంచె వేసినపుడు అడిగేవారు అరుదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. భూమిలేనివారికి భూమి ఇవ్వడం న్యాయం. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ ప్రాంతంలోని పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని వినోబా భావే ఎదుట ప్రకటించారు. భూదానోద్యమం అక్కడే పుట్టింది. అది సొంత భూమి నుంచి ఇచ్చిన దానం. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూముల్లో మాత్రం ఎక్కువ భాగం బంజర్ల నుంచి వచ్చింది. ఒక పేదవానికి పొలం దొరికితే మరొక పేదవాని మేకలకు బీడు తగ్గుతుంది. దీనికి అందరికీ ఒప్పయిన పరిష్కారం దూరాన ఉన్న కార్యాలయంలో దొరకదు. ఏ బీడు సాగుకు యోగ్యమో, ఏది మేతకు మిగలాలో ఆ ఊరి గ్రామసభకే తెలుస్తుంది.

ఇచ్చిన భూమి పేదల చేతిలో నిలవడం మరొక సమస్య. పెండ్లికో, వైద్యానికో అప్పుచేసి అసైన్డ్ భూమిని వదులుకొన్నవారు ఎందరో. అందుకే 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ భూముల బదలాయింపును నిషేధిస్తూ 9వ నంబరు చట్టం చేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఈ చట్టాన్ని సవరించి, ఇరవై ఏండ్లు గడిచిన భూములపై అసలు లబ్ధిదారులకు అమ్ముకొనే హక్కు కల్పించింది. అమ్ముకొనే వీలు లేని భూమి సగం హక్కేనని ఒక వాదం. ఆ వీలు కలిగిన మరుక్షణం బలవంతుడు గడప ముందు నిలుస్తాడని మరొక వాదం. రెండింటిలోనూ సత్యం ఉంది. అయినా నాకు రెండవదానిలోనే అనుభవసారం ఎక్కువగా కనిపిస్తుంది.

గిరిజన ప్రాంతాల్లో ఈ భయం మరింత పాతది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచిన ఆ సవరణ ప్రకారం, షెడ్యూల్డు ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోరాదు. మరి ప్రభుత్వమే అక్కడి భూమిని గనుల కోసం ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇస్తే? విశాఖ మన్యంలోని బొర్రా ప్రాంతపు గనుల వ్యవహారంలో సమత అనే సంస్థ ఈ ప్రశ్నను న్యాయస్థానం ముందుంచింది. ఆ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టంలో ‘వ్యక్తి’ అనే ఒక్క పదానికి అర్థం చెప్పడంపై ఎన్నో గూడేల భవిష్యత్తు ఆధారపడిన ఘట్టమది. భాష చదువుకొనే విద్యార్థులు దీనిని ప్రత్యేకంగా గమనించాలి. పంజాబ్‌లోని ఒక ఊరి చెరువు ఆక్రమణపై 2011లో ఇచ్చిన తీర్పులో, గ్రామాల ఉమ్మడి భూముల నుంచి ఆక్రమణదారులను తొలగించే పథకాలు రూపొందించాలని అదే న్యాయస్థానం అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది.

స్త్రీల మాటకు వస్తే, ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా హక్కునిచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమలయింది. దేశవ్యాప్తంగా అది రావడానికి 2005 వరకు పట్టింది. అయినా పసుపు కుంకుమల కింద ఇచ్చినదానితోనే వాటా ముగిసిందని భావించే ఇండ్లు నేటికీ ఉన్నాయి.

ఇక కౌలురైతు. కరణం మునసబుల వ్యవస్థ 1984లో రద్దయింది, పట్టాదారు పాసుపుస్తకాలు వచ్చాయి, దస్త్రాలు కంప్యూటరులోకి ఎక్కాయి. ఇన్ని మార్పులు వచ్చినా దుక్కి దున్నేవాని పేరు దస్త్రంలో కనిపించడం కష్టంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల ఒప్పందంతో కౌలుదారుకు పత్రం ఇచ్చే ఏర్పాటు చేసింది. ఆ పత్రం వల్ల యజమాని హక్కుకు భంగం లేదని చట్టం స్పష్టంగానే చెప్పింది. కాని దానికి భూయజమాని సంతకం కావాలి. పొలం చేజారుతుందేమోనన్న శంకతో యజమాని వెనుకాడుతాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు కౌలు దక్కదేమోనని రైతు మౌనం వహిస్తాడు. తుపాను వచ్చి చేను మునిగిన నాడు, నష్టపరిహారపు జాబితాలో ఎవరి పేరు ఉండాలన్న ప్రశ్న ఈ సంతకం దగ్గరే ఆగిపోతున్నది.